‘దాన్’ ఒక్కటే సరిపోదు బిడ్డా

చిరంజీవి చిన్నారికి పెద్దమ్మ ఆశీస్సులు.

అమీర్‌పేటలో హాస్టల్ మారావని మీ అమ్మ చెప్పింది. ఇంటర్వ్యూ కోసం నీ గురించి నువ్వు ఇంగ్లిష్‌లో రాసుకున్న రెండు పేజీలు చదివాను. విషయం బాగానే ఉంది. తప్పులన్నీ దాదాపు ఒకే రకం. ఒకదాన్ని ఇంకోదానితో పోల్చిన ప్రతిచోటా కాలు జారింది. ‘ఎక్కడ ఇ.ఆర్. పెట్టాలి, ఎక్కడ మోర్ పెట్టాలి పెద్దమ్మా’ అని అడిగావు. చెప్తాను. కానీ నీ ఇబ్బంది అక్కడ మొదలవలేదు, తెలుగులో మొదలైంది.

మనం ‘అక్క కంటే చెల్లె పొడుగు’ అంటాం. ‘ఇంట్లో అందరికంటే చెల్లె పొడుగు’ అన్నా పొడుగు పొడుగే, ఆ మాటలో మార్పేమీ రాదు. పోల్చే పనంతా ‘కంటే’ ఒక్కటే చూసుకుంటుంది. ఇంగ్లిష్‌లో అలా కుదరదు. ‘కంటే’ స్థానంలో దాన్ రావాలి, దాని ముందున్న విశేషణం కూడా మారాలి. నువ్వు ‘మై సిస్టర్ ఈజ్ టాల్ దాన్ మీ’ అని రాశావు. కంటేకు బదులు దాన్ పెట్టేశాను కదా, ఇంకేం కావాలి అనుకున్నావు. ‘టాలర్ దాన్ మీ’ కావాలి. ఇంకోచోట మార్చాలని గుర్తొచ్చి ‘మోర్ టాలర్’ చేశావు. అది ఒకే పనికి రెండుసార్లు కూలి ఇచ్చినట్టు.

ఇప్పుడు నీ ప్రశ్న. మాట చిన్నదైతే చివర ఇ.ఆర్., ఇ.ఎస్.టి. వస్తాయి. పెద్దదైతే ముందు మోర్, మోస్ట్ వస్తాయి. చిన్నదో పెద్దదో తేల్చడానికి ఇంగ్లిష్ స్పెల్లింగు చూడకు. ఆ మాటను తెలుగులో రాసుకుని, పొల్లు హల్లులు తీసేసి, మిగిలినవి లెక్కపెట్టు. స్ట్రాంగ్ చూడటానికి పెద్దగా ఉన్నా పలికేది ఒక్క అక్షరమే, కాబట్టి స్ట్రాంగర్. మోడర్న్‌లో రెండు, ఎక్స్‌పెన్సివ్‌లో మూడు. మూడూ అంతకుమించీ ఉంటే ఇక ఆలోచించకు, మోర్ పెట్టేయ్.

చిక్కంతా రెండు అక్షరాల మాటలతోనే. చివర వై ఉంటే ఆ వై పోయి ఐ వస్తుంది: ఈజీ ఈజియర్ అవుతుంది, బిజీ బిజియర్ అవుతుంది. సింపుల్, నారో, క్వయెట్, క్లెవర్ లాంటివి ఎటు వాడినా ఒప్పే. మోడర్న్, యూస్‌ఫుల్, కేర్‌ఫుల్ లాంటివి మోర్‌నే అడుగుతాయి. బోరింగ్, టయర్డ్ లాగా ఇంగ్‌తోనో, ఇ.డి.తోనో ముగిసేవాటికి కూడా మోరే. అనుమానం వస్తే రెండక్షరాల మాటకు మోర్ పెట్టు, వినేవాళ్లకు పెద్దగా ఎబ్బెట్టుగా ఉండదు. వైతో ముగిసేవాటికి మాత్రం ఈ వెసులుబాటు లేదు, ‘మోర్ ఈజీ’ అంటే చెవికి తగులుతుంది. స్పెల్లింగులో ఒక్కటి గుర్తుంచుకో: బిగ్, హాట్ లాంటి పొట్టి మాటల్లో చివరి హల్లు రెండుసార్లు రాయాలి. నువ్వు బిగ్గర్‌ను ఒక్క జి.తో రాశావు.

గుడ్, బెటర్, బెస్ట్ పట్టిక బట్టీ పట్టమని నేను చెప్పను. క్లాసుల్లో పిల్లలు అది గడగడా అప్పజెప్పి, మరుక్షణమే పలక మీద ‘మోర్ బెటర్’ అని రాసేవాళ్లు. కారణం ఉంది. బెటర్ మన తెలుగులోకి ఎప్పుడో వచ్చేసింది. ‘ఆటో కంటే మెట్రో బెటర్’, ‘ఇంకా బెటర్’ అని రోజూ అంటాం. మనకది ‘నయం’ లాంటి మామూలు మాటైపోయింది. అందుకే ఇంగ్లిష్‌లోకి వెళ్లగానే దానికి ఇంకో మోర్ తగిలించాలనిపిస్తుంది. బెటర్‌లో ఆ మోర్ ముందే ఉంది. గట్టిగా చెప్పాలంటే ‘మచ్ బెటర్’, కొంచెమే అయితే ‘ఎ లిటిల్ బెటర్’. ‘వెరీ బెటర్’ అని ఎప్పుడూ అనొద్దు. వర్స్ట్‌కూ ఇదే గతి పట్టింది. హైదరాబాద్‌లో ఎవరిని కదిపినా ‘ట్రాఫిక్ వర్స్ట్’ అంటారు. తెలుగు మాటల్లో అలా అనుకో, ఫరవాలేదు. ఇంగ్లిష్‌లో మాత్రం నిన్నటితో పోలిస్తే వర్స్, ఇంతవరకు చూసినవాటన్నిటిలో అయితే ద వర్స్ట్, ఊరికే విసుక్కుంటే వెరీ బ్యాడ్. ఈ మూడూ కలిపేయకు.

సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్‌ఫీరియర్ అనేవి లాటిన్ నుంచి పోలికతో సహా వచ్చిన మాటలు. వాటి తర్వాత దాన్ రాదు, టు వస్తుంది. ‘షి ఈజ్ సీనియర్ టు మీ’ అనాలి. ప్రిఫర్ విశేషణం కాకపోయినా దానిదీ అదే దారి: టీ ఇష్టం, కాఫీ కాదు అనుకుంటే ‘ఐ ప్రిఫర్ టీ టు కాఫీ’. ‘ఎల్డర్ బ్రదర్’ సరే కానీ, నాకంటే పెద్దవాడు అనేటప్పుడు ‘ఓల్డర్ దాన్ మీ’ అను.

అన్నిటికంటే మిన్న అని చెప్పేటప్పుడు ముందు ద పెట్టడం మర్చిపోతున్నావు. నువ్వు రోజూ ఎక్కే మెట్రోనే తీసుకో. మూడు లైన్లలో మియాపూర్ నుంచి ఎల్‌.బి.నగర్ దాకా వెళ్లే రెడ్ లైన్ పొడవైనది: ‘ద లాంగెస్ట్ ఆఫ్ ద త్రీ’. జె.బి.ఎస్., ఎమ్‌.జి.బి.ఎస్. బస్ స్టేషన్ల మధ్య నడిచే గ్రీన్ లైన్ ‘ద షార్టెస్ట్’. రెడ్‌ను, బ్లూను రెండిటినే పక్కపక్కన పెట్టి చూస్తే ‘ద లాంగర్ ఆఫ్ ద టూ’ అనడం పద్ధతి. మాటల్లో లాంగెస్ట్ అన్నా ఎవరూ పట్టించుకోరు, రాతలో చూసుకో. ఇక ‘వన్ ఆఫ్ ద’ వచ్చిందంటే వెనక బహువచనం రావాల్సిందే. ఉస్మానియా 1918లో మొదలైంది కాబట్టి ‘వన్ ఆఫ్ ద ఓల్డెస్ట్ యూనివర్సిటీస్ ఇన్ ఇండియా’ అని ధైర్యంగా చెప్పొచ్చు. నువ్వు రాసినట్టు యూనివర్సిటీ అని ఆపేస్తే తప్పు. చాలా ఏళ్లుగా పనిచేస్తున్న టీచర్లు కూడా ఇక్కడ తడబడతారు.

‘మీ హాస్టల్ కంటే మా హాస్టల్ తిండి నయం’ అంటే తెలుగులో ఎవరికైనా అర్థమవుతుంది. దాన్నే ఇంగ్లిష్‌లో ‘అవర్ హాస్టల్ ఫుడ్ ఈజ్ బెటర్ దాన్ యువర్ హాస్టల్’ అని పెడితే తిండిని తీసుకెళ్లి బిల్డింగుతో పోల్చినట్టవుతుంది. ‘దాన్ ద ఫుడ్ ఇన్ యువర్ హాస్టల్’ అనాలి. ‘హైదరాబాద్ ఈజ్ బిగ్గర్ దాన్ ఎనీ సిటీ ఇన్ తెలంగాణ’ అన్నదీ ఇలాంటిదే. హైదరాబాద్ కూడా తెలంగాణలోనే ఉంది కదా, తనకంటే తాను పెద్దది ఎలా అవుతుంది? ‘ఎనీ అదర్ సిటీ’ అంటే లెక్క సరిపోతుంది.

రెట్లు చెప్పాల్సి వస్తే ‘యాజ్’ జంట వాడు. హుస్సేన్ సాగర్ మధ్యలో బుద్ధుడి విగ్రహం 58 అడుగులు, ఒడ్డున 2023లో పెట్టిన అంబేద్కర్ విగ్రహం 125 అడుగులు. ‘మోర్ దాన్ ట్వైస్ యాజ్ టాల్ యాజ్’ అంటే సరిపోయింది. ఇక్కడ టాల్ మారదు, గమనించు. మన ‘ఎంత... అంత’కు కూడా ఇంగ్లిష్‌లో చక్కని అచ్చు ఉంది. ‘ఎంత పొద్దున బయల్దేరితే ప్రయాణం అంత సులువు’ అనడానికి నువ్వు ‘హౌ ఎర్లీ వి స్టార్ట్, దట్ మచ్ ఈజీ’ అని రాశావు. నవ్వొచ్చింది, కానీ నువ్వు తెలుగులో ఆలోచించావని తెలిసింది. ‘ద ఎర్లియర్ వి స్టార్ట్, ద ఈజియర్ ద జర్నీ’. రెండు చోట్లా ద ఉండాలి.

వ్యాకరణం సరిగ్గా ఉన్నా ఇంటర్వ్యూలో బెస్ట్‌లు, మోస్ట్‌లు తగ్గించు. మొదటి పేజీలోనే ‘ద మోస్ట్ హార్డ్‌వర్కింగ్’, ‘ద బెస్ట్ టీమ్ ప్లేయర్’ అని వరసగా రాశావు. ఎవరితో పోల్చి అని అడిగితే ఏం చెప్తావు? ‘ఐ యామ్ మోర్ కాన్ఫిడెంట్ దాన్ ఐ వాజ్ లాస్ట్ ఇయర్’ అను. నిన్ను నీతోనే పోల్చుకున్నావు కాబట్టి ఎవరూ కాదనలేరు, వెంటనే ‘ఏం మారింది’ అని అడుగుతారు, నువ్వు చేసిన ప్రాజెక్టు గురించి చెప్పే వీలు దొరుకుతుంది. ఫిర్యాదు చేసేటప్పుడు కూడా ఈ మెలకువ పనికొస్తుంది. వార్డెన్‌తో ‘ఫుడ్ ఈజ్ వర్స్’ అంటే గొడవ, ‘నాట్ యాజ్ గుడ్ యాజ్ లాస్ట్ మంత్’ అంటే అదే మాట మెత్తగా చెప్పినట్టు.

నువ్వు రాసిన రెండు పేజీలు దిద్ది ఈ ఉత్తరంతో పెట్టాను. ఎర్ర గీతలు చూసి టెన్షన్ పడకు, సగం గీతలు మర్చిపోయిన ‘ద’లవే. ఈ వారం రోజూ మెట్రోలో కనిపించే వాటినే తీసుకుని నాలుగైదు పోలిక వాక్యాలు రాయి. ఒక్కో వాక్యంలో దాన్ కింద గీత గీసి, దాని ముందున్న విశేషణం మారిందో లేదో చూసుకో. ఆదివారం నల్లకుంటకు వచ్చేటప్పుడు ఆ నోట్‌బుక్ తీసుకురా, మధ్యాహ్నం ఇక్కడే తిందువు.

ఇట్లు,
మీ పెద్దమ్మ