వేలంలో ఆర్మీ ట్రక్కు: పాట కంటే ముందు కిరాయి లెక్క

ప్రశ్న: డాలస్ శివార్లలో మాకు 10 ఎకరాల స్థలం ఉంది. నీళ్ల ట్యాంకు, గడ్డి మోపులు తిప్పడానికి ఆర్మీ వదిలించుకున్న ఎం923 ట్రక్కు కొనాలని ఉంది. ఒహాయోలోని కొలంబస్‌లో ఒకటి వేలానికి వచ్చింది. బండి స్టార్ట్ అవుతుందో లేదో వివరాల్లో లేదు. 7,000 డాలర్ల దాకా పాడదామనుకుంటున్నాను. ఇంటికి చేర్చడానికి ముగ్గురు మూడు ధరలు చెప్పారు: 1,800, 3,400, 5,900. మా పొదుపు 22,000, నెల ఖర్చు 4,500. తక్కువ పడితే 401కె (ఉద్యోగం ద్వారా పెట్టుకునే రిటైర్మెంట్ పొదుపు) మీద అప్పు తీసుకోవచ్చా?

జవాబు: అప్పు వద్దండి. ఈ లాట్‌కు, అంటే వేలానికి పెట్టిన ఈ బండికి, 7,000 కూడా వద్దు. ఎందుకో లెక్కతో చెబుతాను. అంతకంటే ముందు ఆ మూడు ధరల మధ్య అంత తేడా ఎందుకుందో చూద్దాం. మీ డబ్బు జారిపోయేది అక్కడే.

ఎం923ని 5 టన్నుల ట్రక్కు అంటారు కానీ అది మోసే బరువు. ఖాళీ బండే దాదాపు 21,600 పౌండ్లు తూగుతుంది. అయినా బరువు మీకు సమస్య కాదు. లాగే ట్రాక్టరు, ట్రెయిలరు కలుపుకున్నా 80,000 పౌండ్ల ఫెడరల్ పరిమితికి చాలా దిగువనే ఉంటారు. వెడల్పు కూడా 8 అడుగుల 6 అంగుళాల లోపే. చిక్కంతా ఎత్తుతోనే. క్యాన్వాస్ టాప్‌తో బండి సుమారు 10 అడుగులు ఉంటుంది. మామూలు ఫ్లాట్‌బెడ్ (పైభాగం చదునుగా ఉండే ట్రెయిలరు) నేల నుంచి 5 అడుగుల ఎత్తు, అంటే మొత్తం 15. కొలంబస్ నుంచి డాలస్‌కు సుమారు 1,050 మైళ్ల దారిలో ఒహాయో, కెంటకీ, టెనెసీ, ఆర్కన్సా వస్తాయి. నాలుగింటిలోనూ పరిమితి 13 అడుగుల 6 అంగుళాలు. టెక్సస్‌లో 14. ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కిస్తే ప్రతి రాష్ట్రానికీ విడిగా పర్మిట్ కావాలి, రూటు కూడా వాళ్లు చెప్పిందే.

స్టెప్ డెక్ అంటే మెట్టులా కిందికి దిగిన ట్రెయిలరు, దాని కింది భాగం మూడున్నర అడుగుల ఎత్తు ఉంటుంది. మీ బండితో కలిపితే సరిగ్గా గీత మీదికి వస్తుంది. ఒక్క అంగుళం ఎక్కువైనా పర్మిట్ ఖర్చు మీదే. అందుకే క్యాన్వాస్ తీయించండి, దాని కింది కమ్మీలు విప్పించండి, ముందు అద్దం బానెట్ మీదికి మడిపించండి. నిలువుగా లేచిన పొగగొట్టం ఇంకా పైకి ఉంటే దాని పై ముక్క కూడా ఊడదీయాలి. కిరాయి తగ్గించడానికి ఇంతకంటే చవకైన మార్గం లేదు. టైర్లలో గాలి నింపాక, నేల నుంచి అన్నిటికంటే ఎత్తైన చోటికి టేపు పెట్టి ఫొటో తీసి పంపమని బండి ఉన్న వేలం యార్డు వాళ్లను అడగండి. ఆ కొలతతోనే ధర అడగండి. మీకు వచ్చిన 3,400 స్టెప్ డెక్ ధర, 5,900 లోబాయ్ (బాగా కిందికి ఉండే ట్రెయిలరు) ధర అయి ఉంటాయి. లోబాయ్ డెక్ రెండడుగుల లోపే కాబట్టి ఏమీ విప్పనక్కర్లేదు. ముందు భాగం విడిపోయి ర్యాంపులా నేలకు దిగుతుంది. నడవని బండికి అది మేలే, కానీ నడిచే బండికి అంత అవసరం ఉండదు.

1,800 ధరను నమ్మకండి. అలా చెప్పేది సాధారణంగా బ్రోకరు. మీ లోడును తక్కువ ధరకు లోడ్ బోర్డులో (డ్రైవర్లు లోడ్లు వెతుక్కునే సైట్) పెడతాడు, ఆ డబ్బుకు ఏ డ్రైవరూ రాడు. ఈలోగా యార్డు ఇచ్చిన గడువు దాటిపోయి నిల్వ రుసుము మొదలవుతుంది. అప్పుడు అదే బ్రోకరు ఫోన్ చేసి ఇంకో 1,500 వేస్తే మోసే ట్రెయిలరు దొరుకుతుందంటాడు. ముందుగా డిపాజిట్ అడిగేవాళ్లకు ఇవ్వకండి. రవాణా సంస్థ యూఎస్‌డాట్ నంబరు (ఫెడరల్ గుర్తింపు సంఖ్య) తీసుకుని, ట్రక్కు రవాణాను పర్యవేక్షించే ఫెడరల్ సంస్థ ఎఫ్ఎంసీఎస్ఏ వారి సేఫర్ సైట్‌లో చూడండి. కార్గో ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ విడిగా అడగాలి, ఎందుకంటే మామూలు సరుకు మోసేవాళ్లకు ఫెడరల్ చట్టం దాన్ని తప్పనిసరి చేయలేదు.

బండి స్టార్ట్ అవుతుందో లేదో తెలియదన్నారు. కిరాయి మీద దీని ప్రభావం చాలా ఎక్కువ. ఎం923కి ఎయిర్ బ్రేకులు. ట్యాంకుల్లో గాలి లేకపోతే వెనక ఇరుసుల స్ప్రింగ్ బ్రేకులు పట్టేసుకుని ఉంటాయి, విన్చ్‌తో లాగినా చక్రం తిరగదు. బయటి నుంచి గాలి ఎక్కించాలి, లేదా బ్రేక్ చాంబర్లను బోల్టులతో బిగించి వదులు చేయాలి. బ్యాటరీ వ్యవస్థ 24 వోల్టులది కాబట్టి కారుకు వాడే 12 వోల్టుల జంప్ ప్యాక్ పనికిరాదు. ఇవి తెలియని డ్రైవరు వచ్చి గంటలకొద్దీ నిలబడితే ఆ సమయానికి డిటెన్షన్ బిల్లు వేస్తాడు. చాలామంది మొదటి రెండు గంటలే ఉచితమంటారు. ఉత్తినే వెనక్కి వెళ్లినా రుసుము తప్పదు. యార్డు వాళ్లే లోడ్ చేస్తారా, నడవని బండినైనా చేస్తారా అన్నది పాటకు ముందే రాతలో తీసుకోండి.

దింపుకునే వైపు సంగతి చాలామంది మరచిపోతారు. ట్రాక్టరు, ట్రెయిలరు కలిసి 70 అడుగుల వాహనం మీ మట్టిదారిలో మలుపు తిరగలేదు. పైగా 10 టన్నుల బండి దిగే ర్యాంపులు ప్రతి స్టెప్ డెక్ మీదా ఉండవు. దగ్గర్లో లోడింగ్ డాక్ ఉన్న యార్డుతో ముందే మాట్లాడుకుని 400 పక్కన పెట్టండి. కట్టే గొలుసులు డ్రైవరు బాధ్యతే అయినా మీరూ చూడండి: 10,000 పౌండ్లు దాటిన బండికి కనీసం నాలుగు కట్లు, ఒక్కోటి 5,000 పౌండ్ల సామర్థ్యంతో ఉండాలి. మూడు ఎనిమిదోవంతుల అంగుళం గ్రేడ్ 70 గొలుసు 6,600కు సరిపోతుంది.

స్వయంగా నడుపుకు వస్తే చవక అనిపించవచ్చు. గ్యాలనుకు 5 మైళ్లు అనుకుంటే 210 గ్యాలన్ల డీజిల్, గ్యాలను 4 డాలర్ల చొప్పున 840. కానీ టైటిల్ (యాజమాన్య పత్రం) తెచ్చిపెట్టే ఎస్ఎఫ్ 97 కాగితం సాధారణంగా బండి తీసుకున్న కొన్ని వారాలకు గానీ రాదు. ఆలోపు నంబరు ప్లేటు, బీమా దొరకడం కష్టం. ఏళ్ల తరబడి ఎండలో నిలిచిన టైర్లతో గంటకు 45 మైళ్ల వేగంలో మూడు రోజులు హైవే మీద రావడం నేను ఎవరికీ సలహా ఇవ్వను. దారిలో ఆగిపోతే హెవీ రెకర్ (పెద్ద బండ్లను లాక్కెళ్లే బండి) బిల్లు ఒక్కటే ఆ మిగులును మింగేస్తుంది.

ఇప్పుడు మీ డబ్బు. మూడు నెలల ఖర్చు 13,500 ముట్టుకోకూడదు. మిగిలేది 8,500. అందులో కిరాయి 3,400, డిటెన్షన్ లాంటివాటికి 500, దింపడానికి 400, బ్యాటరీలు, టైర్లు, గొట్టాలకు 1,500. మొత్తం 5,800 పోగా పాటకు మిగిలేది 2,700. పాట మీద వేలం సంస్థ అదనంగా తీసుకునే ప్రీమియం 10 శాతం అనుకుని, టెక్సస్ పన్ను 6.25 శాతం కలిపితే మీరు పాడగలిగేది 2,300. అదే 7,000కు పాడితే ప్రీమియం, పన్నుతో 8,181 అవుతుంది. అన్నీ కలిసి దాదాపు 14,000. మీ చేతిలో 8,000 మిగులుతుంది, అంటే రెండు నెలల ఖర్చు కూడా లేనట్టే. 401కె అప్పు ఆ లోటును కనబడకుండా చేస్తుంది, అంతే. ఉద్యోగం మానేస్తే మిగిలిన బాకీ ఆ ఏడాది పన్ను రిటర్న్ గడువులోగా కట్టాలి, లేకపోతే దాన్ని ఆదాయంగా లెక్కిస్తారు, వయసు తక్కువైతే 10 శాతం జరిమానా కూడా పడవచ్చు.

కొలంబస్ లాట్‌ను వదిలేసి టెక్సార్కానా వైపు లాట్‌ల కోసం చూడండి. డాలస్‌కు 180 మైళ్లే. దగ్గరి దూరానికి కనీస చార్జీ ఉంటుంది కాబట్టి మైలు ధర ఎక్కువే పడుతుంది. అయినా 1,200లో కుదిరితే మీకు 2,200 మిగిలి, పాట పరిమితి సుమారు 4,200కు పెరుగుతుంది. పైగా పొద్దున వెళ్లి బండి చుట్టూ తిరిగి, స్టార్ట్ చేయించి, గాలి ఎంతసేపు నిలుస్తుందో చూసి సాయంత్రానికి ఇంటికి రావచ్చు.