గీత మందం ఎంత?

కడప

చిరంజీవికి,

హిమాలయ సరిహద్దుల మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివినాను. తెల్లదొరలు గీతలు గీసి పోయినారు, మనం కొట్టుకు చస్తున్నాం అని నాలుగు పుటలు నింపినావు. అది అబద్ధమని కాదు. ఏ గీతను, ఏ కాగితం మీద, ఏ కొలతతో గీసినారో ఒక్కచోటా లేదు. రాయదుర్గం వాడివి, పొలం హద్దు తగాదా ఎట్లా పుడుతుందో నీకు ఒకరు చెప్పాల్నా?

మన దగ్గర గట్టు మీది రాయి ఎవడో పీకేసినా సర్వేయరు వచ్చి మళ్ళీ పాతుతాడు. ఎఫ్‌ఎంబీలో, అంటే పొలాల కొలతల పుస్తకంలో, లింకుల లెక్క ఉంటుంది కాబట్టి. గొలుసుకు నూరు లింకులు, 66 అడుగులు. రాయి పోయినా అంకె మిగులుతుంది. హిమాలయాల్లో చాలాచోట్ల అంకె లేదు, మాటే ఉంది. అందుకే మొదట ఒప్పందంలో హద్దు చెప్పిన వాక్యాన్ని నీ చేత్తో నోటుబుక్కులో ఎక్కించుకో. నది, శిఖరం, కనుమ, గట్టు, ఏ పేరు కనపడినా కింద గీత పెట్టు. తగాదా ఆ పేర్లలోనే ఉంటుంది.

సిక్కిం, భూటాన్, టిబెట్ కలిసేచోట ఉన్న డోక్లాం చూడు. 1890లో బ్రిటిషోళ్ళు, చైనావాళ్ళు సిక్కిం-టిబెట్ హద్దు రాసుకున్నారు. తీస్తాలోకి పోయే నీళ్ళనూ టిబెట్ మోచూ నదిలోకి పోయే నీళ్ళనూ విడదీసే కొండగట్టే హద్దు అన్నారు. ఆ గీత భూటాన్ సరిహద్దులోని గిప్మోచి శిఖరం దగ్గర మొదలవుతుందనీ అన్నారు. ఒక వాక్యంలో గట్టు, ఒక వాక్యంలో శిఖరం. ఆ రెండూ ఒకచోట కలవకపోతే? చైనా శిఖరాన్ని పట్టుకుంది. నీళ్ళు విడిపోయేది దానికి ఉత్తరాన బటాంగ్ లా అనే కనుమ దగ్గర అని మనమూ భూటానూ అంటాం. 2017లో రెండు సైన్యాలు 73 రోజులు ఎదురెదురుగా నిలబడింది ఈ సందులోనే. భూటాన్ ఆ 1890 ఒప్పందంలో లేనే లేదు. ఈ మాట మీ వాళ్ళెవరూ రాయరు, నువ్వు రాయి.

నీళ్ళు విడిపోయే గట్టు అంటే పాఠకుడికి అర్థం కాదని భయపడొద్దు. మీ రాయదుర్గం వైపు పడిన వాన హగరిలో కలిసి తుంగభద్రకు పోతుంది. ధర్మవరం వైపు పడింది చిత్రావతిలో కలిసి పెన్నకు పోతుంది. మధ్యన ఎక్కడో ఒక మిట్ట ఉంది. అంతే.

రెండోది, పటం స్కేలు. 1914లో ఈశాన్యాన మనకూ టిబెట్‌కూ నడుమ హద్దుగా మెక్‌మహాన్ గీత గీసిన పటానికి ఒక అంగుళం అంటే ఎనిమిది మైళ్ళు. లెక్క కట్టు: ఒక మిల్లీమీటరు నేల మీద సుమారు 500 మీటర్లు. కలం కొంచెం లావుగా పాకితే ఒక ఊరే మాయమవుతుంది. ఆ గీత పడమటి కొసన, తవాంగ్ వైపు, థాగ్‌లా గట్టు దగ్గర జరిగింది ఇంకా పెద్దది. పటంలోని గీత ఆ గట్టుకు దక్షిణంగా పడింది. గీత ఉద్దేశం గట్టు వెంబడి పోవడమే కాబట్టి గట్టే హద్దు అని మన వాదన. అసలు ఆ గీతనే చైనా ఒప్పుకోలేదు. 1962 అక్టోబరు 20న దాడి మొదలైన నాంకా చూ వాగు ఆ గట్టు కిందే.

నది హద్దయితే అడగాల్సింది ఒక్కటే: దాని మొదలెక్కడ? 1816 నాటి సుగౌలీ సంధి కాళీ నదికి పడమర నేల నేపాల్‌ది కాదంది, కాళీ ఎక్కడ పుడుతుందో చెప్పలేదు. లింపియాధురా నుంచి వచ్చేదే అసలు పాయ అని నేపాల్ 2020లో పటమే మార్చింది. పాకిస్తాన్‌తో సియాచిన్ హిమానీనదం తగాదా తెల్లదొరల పని కాదు, రెండు దేశాలూ చేసుకున్న 1949 కరాచీ ఒప్పందం. కానీ జబ్బు అదే: ఎన్‌జే 9842 అనే బిందువు దాకా కొలిచి, ఆ పైన ‘అక్కడి నుంచి ఉత్తరాన హిమానీనదాల దాకా’ అని వదిలేసినారు.

నీ వ్యాసంలో నియంత్రణ రేఖ, వాస్తవాధీన రేఖ, సరిహద్దు మూడూ కలగాపులగం చేసినావు. మొదటిది పాకిస్తాన్‌తో, 1972 నాటిది, పటాల మీద ఇద్దరూ ఒప్పుకున్నది. రెండోది చైనాతో, ఎక్కడుందో ఇద్దరికీ ఏకాభిప్రాయం లేదు. ఈ తప్పు ఒక్కటి చాలు, తెలిసినోడు అక్కడే కాగితం పక్కన పెడతాడు.

పటం వేస్తే జాగ్రత్త. ఫోన్‌లోని పటం ఏ దేశంలో తెరిస్తే ఆ దేశానికి నచ్చిన గీత చూపిస్తుంది. సర్వే ఆఫ్ ఇండియా పటానికి భిన్నంగా దేశ సరిహద్దు అచ్చేస్తే 1961 చట్టం కింద నేరం. గట్లు చూసుకోవడానికి ఉపగ్రహ ఎత్తుల లెక్కలు ఉచితంగా దొరుకుతాయి, 30 మీటర్లకొక బిందువు. నిటారు కొండల్లో వాటికి ఖాళీలుంటాయి, పూడ్చిన అంకెను నిజమనుకోవద్దు.

ఇంకొక మాట. ఆంధ్ర-కర్ణాటక హద్దులోని మీ ఓబుళాపురం కొండలు వదిలేసినావేం? 1953 దాకా అటూ ఇటూ ఒకే బళ్ళారి జిల్లా. శిస్తు కోసం, అడవి కోసం గీసుకున్న లోపలి గీత రాత్రికి రాత్రి రాష్ట్రాల హద్దయింది. ఇనుప ఖనిజం తవ్వకాల్లో గుర్తులు చెరిగి, తగువు సుప్రీంకోర్టుకెక్కి, సర్వే ఆఫ్ ఇండియా వచ్చి కొలవాల్సొచ్చింది. హిమాలయాల గురించి నువ్వు చెప్పదలచినదంతా బస్సు దూరంలోనే ఉంది.

అన్నీ ఒకేసారి వద్దు. డోక్లాం వాక్యాలు రెండూ తీసుకుని వెయ్యి మాటలు రాయి. పటం ట్రేసింగు కూడా పెట్టి పంపు, స్కేలు వేయడం మరిచిపోవద్దు.

ఆశీస్సులతో