పందిట్లో టమాటా: మచ్చ ఎక్కడుందో చూశాకే మందు

ప్రశ్న: మేడ మీద పాలిథిన్ కప్పిన పందిట్లో 12 గ్రో బ్యాగుల్లో టమాటా వేశాం. కాయ నిమ్మకాయంత అయ్యేసరికి అడుగున నీళ్లలో నానినట్టు మచ్చ పడి, వారంలో నల్లగా తోలులా మారుతోంది. గుడ్డు పెంకుల పొడి వేశాం, కాల్షియం రెండుసార్లు ఆకుల మీద కొట్టాం, తెగులు మందూ కొట్టాం. తగ్గలేదు. – ఎం.వి.పి. కాలనీ, విశాఖ

జవాబు: ముందు తెగులు మందు ఆపేయండి. కాయ అడుగు కుళ్లు అని పేరే గానీ, ఇది తెగులు కాదు. మచ్చ మీద నల్ల బూజు కనిపిస్తే అది చచ్చిన కండ మీద తర్వాత చేరినదే. పిందె వేగంగా ఊరే తొలి రెండు వారాల్లో దాని కొసకు కాల్షియం అందలేదు, అంతే.

కాల్షియం వేరు నుంచి నీటితో కలిసి పైకెక్కుతుంది. నీరు ఎక్కువగా ఆవిరయ్యేది ఆకుల నుంచి కాబట్టి అదీ ఎక్కువగా అక్కడికే పోతుంది. నున్నటి తొక్క ఉన్న కాయ నుంచి ఆవిరి దాదాపు ఉండదు. పైగా ఆకులో చేరిన కాల్షియం మళ్లీ కాయకు దిగదు. మీరు కొట్టిన కాల్షియం ఆకుల్లోనే ఆగిపోయింది. పెంకుల పొడి కరగడానికి నెలలు పడుతుంది, ఈ కాపుకి దాని మీద ఆశ పెట్టుకోకండి.

చాలా ఇళ్లల్లో అసలు లోటు కాల్షియంది కాదు, తడిది. మధ్యాహ్నం రెండింటికి బ్యాగు అంచు పట్టుకుని ఎత్తి చూడండి. పొద్దున నీళ్లు పోశాక ఉన్న బరువులో సగానికి పడిపోయిందంటే జవాబు దొరికినట్టే. నిండా కాయలున్న మొక్క ఎండాకాలంలో రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు తాగుతుంది. అదంతా పొద్దున ఒకేసారి పోస్తే కొంత కారిపోతుంది, మిగిలింది మధ్యాహ్నానికే అయిపోతుంది. ఏడింటికి, పదకొండింటికి, రెండింటికి, నాలుగున్నరకి నాలుగు దఫాలుగా పోయండి. ప్రతిసారీ పోసినదాంట్లో పదో వంతు అడుగు నుంచి కారాలి.

మీది బోరు నీళ్లా? సముద్రం దగ్గరి బోర్లలో ఉప్పు ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. వంటింటి ఫిల్టరుకు వాడే, నీటిలో కరిగిన లవణాలను కొలిచే టిడిఎస్ మీటరు పెట్టి చూడండి. 1000 పీపీఎం దాటితే బ్యాగు తడిగా ఉన్నా వేరు నీటిని పీల్చలేక ఇబ్బంది పడుతుంది. కుళాయి నీళ్లు గానీ పట్టి ఉంచిన వాన నీళ్లు గానీ సగానికి సగం కలపండి. నెలకి రెండుసార్లు బ్యాగుకి పది లీటర్ల మంచినీళ్లు నెమ్మదిగా పోసి ఉప్పు కడిగేయండి.

యూరియా, డిఎపి వేస్తుంటే మానేయండి. వాటి నుంచి వచ్చే అమ్మోనియా రూపం నత్రజని కాల్షియాన్ని వేరు దగ్గరే అడ్డుకుంటుంది. బదులుగా కాల్షియం నైట్రేట్ లీటరుకు ఒక గ్రాము కలిపి వారానికి రెండుసార్లు మొక్క మొదలు దగ్గర పోయండి. భాస్వరం, సల్ఫేట్ ఎరువులతో ఒకే బకెట్లో కలపొద్దు, తెల్లగా విరిగి అడుగున కూర్చుంటుంది. మచ్చపడిన కాయలు బాగుపడవు, కోసేయండి. ఇవన్నీ మొదలుపెట్టాక కట్టిన పిందెలను చూసే ఫలితం తేల్చుకోవాలి.

ప్రశ్న: పండు కింద ఎర్రగా, తొడిమ చుట్టూ పసుపు పచ్చగా, గట్టిగా ఉంటోంది. కోస్తే ఆ భాగం లోపల తెల్లగా ఉంది. – గాజువాక

జవాబు: కాయ భుజాలు ఎండకు వేడెక్కాయి. సుమారు 32 డిగ్రీలు దాటితే ఎరుపు రంగు తయారవడం ఆగిపోతుంది, పసుపు రంగు మాత్రం తయారవుతూనే ఉంటుంది. గాలి వేడి కన్నా ఎండ తగిలే కాయ తొక్క వేడి చాలా ఎక్కువ. ఎండను 35 శాతం ఆపే షేడ్‌నెట్ పాలిథిన్‌కి ఒక అడుగు పైన కట్టండి, ఆనించి కట్టకండి. గాలి ఆడుతుందని కాయల పక్కన ఆకులు తుంచే అలవాటుంటే మానండి. పొటాష్ తక్కువైనా ఇలాగే అవుతుంది కాబట్టి సల్ఫేట్ ఆఫ్ పొటాష్ లీటరుకు రెండు గ్రాములు వారానికోసారి ఇవ్వండి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం కొస లేత గులాబీ రంగు తిరగగానే కోసి, ఇంట్లో నీడన పండించుకోవడమే మేలు. రుచి పెద్దగా తగ్గదు. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి.

ప్రశ్న: పూత బాగానే వస్తుంది, సగం రాలిపోతుంది. నిలిచిన కాయలు పలకలు తేలి, కోస్తే లోపల డొల్ల. – మధురవాడ

జవాబు: పుప్పొడి సరిగా రాలడం లేదు. టమాటా పువ్వు తన పుప్పొడితోనే కాయ కడుతుంది గానీ దాన్ని ఎవరో ఒకరు కదపాలి. బయట ఆ పని గాలి చేస్తుంది. మూసిన పందిట్లో గాలీ లేదు, పైగా మన తేమకు పుప్పొడి ముద్దకడుతుంది. పక్క తెరలు పగలంతా ఎత్తి ఉంచండి. తేమ కాస్త ఆరాక, పది పదకొండు గంటల మధ్య, బ్యాటరీ టూత్ బ్రష్ వెనుక భాగాన్ని పూగుత్తి కాడకు రెండు మూడు సెకన్లు ఆనించండి. విచ్చిన పువ్వులైతే పసుపు పొడి రాలడం కంటికే కనిపిస్తుంది. రోజు విడిచి రోజు చాలు. రాత్రి వేడి 24 డిగ్రీల కింద దిగని నెలల్లో ఏం చేసినా కొంత పూత రాలుతుంది. అందుకే విశాఖలో సెప్టెంబరు, అక్టోబరుల్లో నారు నాటి చలికాలంలో కాపు తీసుకోవాలి.

ప్రశ్న: పండు మీద ఉంగరాల్లా పసుపు వలయాలు. తినొచ్చా? – పెందుర్తి

జవాబు: తినొచ్చు, రుచే ఉండదు. మొక్కను మాత్రం ఉంచకండి. అది తామర పురుగులు మోసుకొచ్చే వైరస్, వేరుశనగలో మొవ్వుకుళ్లు తెచ్చేదీ ఆ జాతిదే. చికిత్స లేదు. వేళ్లతో సహా పీకి సంచిలో మూట కట్టి పారేయండి. మిగిలిన మొక్కల దగ్గర ఆ పురుగులు అంటుకునేలా నీలం రంగు జిగురు అట్టలు చిగుళ్ల ఎత్తులో కట్టండి.

ప్రశ్న: వాన పడిన మర్నాడు పండుతున్న కాయలు తొడిమ నుంచి చీలుతున్నాయి. – సీతమ్మధార

జవాబు: పందిట్లో వాన పడదు కదా అనుకోకండి, మేడ మీద నిలిచిన నీళ్లు బ్యాగు అడుగు నుంచి ఎక్కుతాయి. ఎండిన వేరుకు ఒక్కసారిగా నీరందితే లోపలి గుజ్జు ఉబ్బి, సాగని తొక్క చీలుతుంది. బ్యాగులను ఇటుకల మీద పెట్టండి. ముసురు పట్టేలా ఉంటే రంగు తిరిగినవన్నీ ముందే కోసేయండి. చీలినవి ఆ రోజే కూరలో వేసేయండి, మర్నాటికి పులుస్తాయి.