జిగ్గురాత్ కట్టింది బానిసలా, వెట్టివాళ్ళా?

సందేహం: ఉన్నత పాఠశాల పిల్లల కోసం సుమేరు (నేటి దక్షిణ ఇరాక్) నగరాల మీద వ్యాసం రాస్తున్నాను. "ఉర్ నగరంలోని జిగ్గురాత్‌ను ఉర్-నమ్ము రాజు బానిసలతో వెట్టిచాకిరీ చేయించి కట్టాడు" అని రాశాను (జిగ్గురాత్ అంటే అంతస్తులు అంతస్తులుగా ఎత్తుగా కట్టిన గుడి దిబ్బ). బానిసకు మళ్ళీ వెట్టి ఏమిటి, రెండూ ఒకచోట పొసగవు అని తోటి ఉపాధ్యాయుడు ఆక్షేపించారు. ఏది ఉంచాలి? పనివాళ్ళకు ఇచ్చిన బార్లీని జీతం అనాలా, కూలి అనాలా? పునాదిలో బొమ్మలు పాతడాన్ని శంకుస్థాపన అనవచ్చా? పనిలో పనిగా ఇంకొకటి: ఉర్ అంటే మన ఊరేనా?

సమాధానం: ఆక్షేపణ సరైనదే. బానిస అన్నది మనిషి స్థితిని చెప్పే మాట, వెట్టి అన్నది పనిని చెప్పే మాట. బానిస ఒకరి సొత్తు, అమ్మినా కొన్నా అడిగే దిక్కుండదు. వెట్టికి పోయేవాడికి తన ఇల్లూ వాకిలీ ఉంటాయి, పైనుంచి పిలుపు వస్తే మాత్రం పోక తప్పదు. సుమేరులో ఇద్దరూ ఉన్నారు. లగాష్ అనే సుమేరు నగరాన్ని ఏలిన గుదేయా తన దేవుడికి గుడి కట్టించి చేసిన ఉత్సవం గురించి రాయించుకుంటూ, ఆ ఏడు రోజులూ దాసి యజమానురాలితో సమానంగా ఉందని, దాసుడు యజమాని పక్కన నడిచాడని చెప్పుకున్నాడు. దాసదాసీలు ఇళ్ళలో, గుళ్ళలో ఉన్నారని దీనివల్ల తెలుస్తుంది. యుద్ధంలో పట్టుకొచ్చినవాళ్ళ చేత కూడా పనులు చేయించారు. అయితే ఉర్-నమ్ముతో మొదలైన ఉర్ మూడవ రాజవంశం నాటి మట్టి పలకల్లో కాలువ పూడికలకూ గోడలకూ కోతలకూ లెక్క రాసిన మనుషుల్లో ఎక్కువమంది వేరే రకం. వాళ్ళను ఎరిన్ అనేవారు. రాజ్యం ఇచ్చిన పొలం చెక్క సాగు చేసుకుంటూ, ఏడాదిలో కొంతకాలం రాజ్యం పని చేసి, మిగతా రోజుల్లో ఇంకెక్కడైనా కూలికి పోయేవాళ్ళు. వీళ్ళను బానిసలంటే తప్పు, వట్టి కూలీలన్నా తప్పే.

తెలుగులో వీళ్ళకు దగ్గరగా వచ్చే మాట వెట్టి. ఇది సంస్కృత విష్టికి తద్భవం, ప్రాకృతం మీదుగా మనకు చేరింది. విష్టి అంటే ఏమిటో తెలియాలంటే నిఘంటువు కన్నా గుజరాత్‌లో గిర్నార్ కొండ దగ్గరి జునాగఢ్ శాసనం చూడటం మేలు. క్రీ.శ. 150 ప్రాంతంలో గాలివానకు సుదర్శన తటాకం కట్ట తెగిపోయింది. అది మౌర్య చంద్రగుప్తుడి కాలంలో కట్టిన చెరువు, అశోకుడి కాలంలో కాలువలు తీసిన చెరువు. గండి చాలా పెద్దదని మంత్రులు వెనకాడారు, జనం ఆశ వదులుకున్నారు. అప్పటి శక రాజు రుద్రదాముడు మాత్రం మళ్ళీ కట్టించాడు. అక్కడ శాసనం ప్రత్యేకంగా చెప్పిన విషయం ఒకటుంది: పౌరులనూ జానపదులనూ కర, విష్టి, ప్రణయాలతో పీడించకుండా, సొంత ఖజానా సొమ్ముతోనే చేయించాడట. ఇక్కడ ప్రణయం అంటే మీరనుకునేది కాదు, అభిమానం పేరు చెప్పి గుంజే అదనపు వసూలు! చెరువు తెగితే రాజు మొదట చూసేది జనం చేతుల వైపే అన్నది ఆ రోజుల్లో మామూలు మాట కాబట్టే, అలా చెయ్యకపోవడం రాతికెక్కింది.

మరి వెట్టిచాకిరీ ఎందుకు కూడదు? చాకిరీ ఫారసీ చాకర్ నుంచి వచ్చిన మాట, ఒకరి గడపలో చేసే ఊడిగం అన్న వాసన దానికి ఉంది. పైగా తెలంగాణలో ఈ సమాసం వినగానే గుర్తుకొచ్చేది దొర గడి. కుమ్మరి కుండలూ, చాకలి మోతలూ, మాదిగ చెప్పులూ ఊరికే ఇచ్చుకున్న రోజులు. 1946లో మొదలైన సాయుధ పోరాటంలో జనం నోట నిలిచిన మాట అది. దాన్ని తీసుకెళ్ళి నాలుగు వేల ఏళ్ళ కిందటి ఉర్‌లో పెడితే, పిల్లలు అక్కడ దేశ్‌ముఖ్‌ను ఊహించుకుంటారు. అందుకని వట్టి ‘వెట్టి’ అనండి, మొదటిసారి వచ్చినచోట ‘రాజ్యానికి వంతు ప్రకారం చేయాల్సిన పని’ అని ఒక ముక్క కలపండి. వంతు అన్నది నా కల్పన కాదు. రాష్ట్రాలు ఒకదాని తర్వాత ఒకటి సరుకూ శ్రమా సమకూర్చే ఆనాటి ఏర్పాటు పేరు ‘బల’, ఆ సుమేరు మాటకు అర్థం వంతే.

వెట్టి అంటే ఉత్తపుణ్యానికి చేసేది కదా, బార్లీ ఇచ్చారు కదా అంటారేమో. ఇచ్చింది బత్తెం. మగవాడికి మామూలుగా నెలకు 60 సిలాలు, ఆడమనిషికి 30. సిలా అంటే ఇంచుమించు లీటరు. అంటే మగవాడికి రోజుకు రెండు లీటర్లు. అదే బయటనుంచి కూలికి పిలిచినవాడికి రోజుకు ఐదారు సిలాల దాకా పడేది. ఈ తేడాలోనే మీ ప్రశ్నకు జవాబుంది. మొదటిది పని చేసేందుకు ప్రాణం నిలబెట్టే తిండి, రెండోది పనికి కట్టిన ధర. మొదటిదాన్ని బత్తెమనీ రెండోదాన్ని కూలి అనీ రాయండి. జీతం అనకండి. అది నెలకో ఏడాదికో కుదుర్చుకున్న కొలువుకు చెల్లుతుంది.

మీరు అడగకపోయినా ‘కట్టాడు’ గురించి ఒక మాట. ఉర్-నమ్ము కట్టలేదు, కట్టించాడు. జిగ్గురాత్ అడుగు ఇంచుమించు 64 మీటర్ల పొడవు, 45 మీటర్ల వెడల్పు. లోపల పచ్చి ఇటుక, బయట తారుతో అతికిన కాల్చిన ఇటుక. ఇటుకల మీద రాజు పేరు అచ్చు వేశారు. సుమేరు శాసనాల్లో రాజు తన దేవుడికి ‘కట్టాడు’ అనే ఉంటుంది, ఇంగ్లీషువాళ్ళు కూడా అలాగే దించుకుంటారు. మనకు -ఇంచు ప్రత్యయం చేతిలో ఉండగా ఆ అవస్థ దేనికి? రామప్ప గుడిని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడంటాం, కట్టాడనం.

శంకుస్థాపన అనడానికి సందేహించక్కరలేదు. శంకువు అంటే మేకు. ఉర్-నమ్ము పునాదుల్లో పాతించినవి అచ్చంగా మేకులే: రాగి మిశ్రమంతో పోతపోసిన సన్నని బొమ్మలు, నడుం కిందిభాగం మేకులా కూసుగా ఉంటుంది. ఆ బొమ్మ రాజుదే. రెండు చేతులూ పైకెత్తి నెత్తిన మట్టితట్ట పట్టుకుని ఉంటాడు. పునాదిలో ఇటుకలతో చిన్న పెట్టెలా కట్టి, ఇటుక ఆకారంలో చెక్కిన రాతిపలకతో పాటు అందులో పెట్టేవారు. రిబ్బను లాగి శిలాఫలకం మీది తెర తొలగించడాన్ని శంకుస్థాపన అంటున్నాం కదా, ఆ మాట అసలు అర్థానికి మనకన్నా ఉర్‌వాళ్ళే దగ్గర.

ఇవన్నీ కలుపుకుంటే మీ వాక్యం ఇలా ఉండవచ్చు: "ఉర్-నమ్ము జనాన్ని వంతులవారీగా వెట్టికి పిలిపించి, బత్తెం ఇచ్చి, చంద్రదేవుడు నన్నకు జిగ్గురాత్ కట్టించాడు, మిగిలిన పనిని కొడుకు షుల్గి పూర్తి చేయించాడు."

ఇక ఉర్, ఊరు. సుమేరులు ఆ నగరాన్ని పిలిచిన పేరు ఉరిమ్. ఉర్ అన్నది తర్వాత స్థిరపడిన పొట్టి రూపం. నగరానికి వాళ్ళు వాడిన మామూలు మాట వేరు, దాన్ని ఉరు అనీ ఇరి అనీ చదువుతారు. అది మన ఊరులాగే వినిపించడం కాకతాళీయం. రెండు భాషలకు చుట్టరికం ఉందనడానికి క్రమబద్ధమైన ధ్వని సంబంధాలు చూపాలి, అవి ఎవరూ చూపలేదు. వ్యాసంలో ఆ ప్రస్తావన వద్దు.