ఫైట్ పక్కన ఫర్ పెట్టాలా, ఓవర్ పెట్టాలా?

"గట్టు కోసం అన్నదమ్ములు కొట్లాడుకున్నారు" అన్నదానికి మీరు "ఫాట్ ఫర్" అని రాస్తే మాస్టారు కొట్టేశారన్నారు కదా. తిరకాసంతా మన "కోసం"లోనే ఉందండీ. మనకు హక్కు కోసం పోరాడినా, గట్టు కోసం తగువులాడినా ఒకటే మాట. ఇంగ్లీషులో అలా కాదు. స్వాతంత్ర్యం లాంటిది సాధించడానికైతే ఫైట్ ఫర్. ఇద్దరి మధ్య ఒక వస్తువు దగ్గర గొడవైతే ఫైట్ ఓవర్. కాబట్టి మీ వాక్యం "ది బ్రదర్స్ ఫాట్ ఓవర్ ది బౌండరీ" అని ఉండాలి.

ఫైట్ విత్ దగ్గర ఇంకా జాగ్రత్త. మన "తో" లాగే దానికీ రెండు అర్థాలు. రెండో ప్రపంచయుద్ధంలో భారత సైన్యం "ఫాట్ విత్ బ్రిటన్" అంటే బ్రిటన్ మీదా, బ్రిటన్ పక్షానా? నిజానికి పక్షానే. అనుమానం రాకూడదంటే ఎదిరించడానికి అగైన్‌స్ట్, పక్కన నిలబడడానికి అలాంగ్‌సైడ్ వాడండి.

జబ్బుతో, మంటలతో పోరాడారనడానికి మధ్యలో ఏ మాటా అక్కర్లేదు: ఫైట్ క్యాన్సర్, ఫైట్ ఫైర్. కన్నీళ్లు ఆపుకోవడం కూడా ఇదే క్రియ, ఫైట్ బ్యాక్ టియర్స్. నాకు చాలా ఇష్టమైన వాడుక ఇది.

అన్నట్టు, భూతకాలం ఫాట్. ఫైటెడ్ అనే మాట లేదు.