విదేశీ యాత్రకి గైడ్‌బుక్ ఇంకా అవసరమా, ఫోన్ చాలదా?

అన్నీ ఫోన్లోనే దొరుకుతుంటే విదేశానికి వెళ్లేముందు గైడ్‌బుక్ కొనడం దండగ కాదా అని అడిగారు. కాదు, కొనండి. పాతదైనా ఫరవాలేదు. జపాన్ వెళ్లేముందు నేను కొన్నది అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పుస్తకాల్లోంచే, 150 రూపాయలకి. ఇటుకంత లావు.

ఆ పాతదనమే నా కొంప ముంచబోయింది లెండి. జేఆర్ (జపాన్ రైల్వేస్) రైళ్లలో ఎన్నిసార్లైనా తిరగనిచ్చే వారం రోజుల పాస్ 29,650 యెన్లని అందులో ఉంది. టోక్యో నుంచి క్యోటోకి బుల్లెట్ ట్రైన్లో వెళ్లి రావడానికే సుమారు 28 వేలు. ఇంకేం, పాస్ కొంటే మిగతా తిరుగుడంతా ఇంచుమించు ఉచితం అని లెక్కలేసి ఇంట్లో గొప్పలు కూడా చెప్పేశాను. తీరా కొనబోతే 50,000! 2023 అక్టోబర్‌లోనే పెంచేశారు. మా ముగ్గురికీ కలిపి 61 వేల యెన్ల తేడా. పాస్ మానేసి విడి టికెట్లు కొనుక్కున్నాం. గైడ్‌బుక్‌లో ధర గానీ వేళ గానీ కనిపిస్తే నమ్మకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను.

మరి ఎందుకు కొనమంటున్నావయ్యా అంటే, క్యోటోలో ఆ మధ్యాహ్నం గురించి చెప్పాలి.

మా అమ్మ చేప వాసన వస్తే పక్కవీధికి వెళ్లే మనిషి. ఫుషిమి ఇనారి అనే గుడి ఉన్న కొండమీద ఎర్ర తోరణాల కింద ఎక్కి దిగేసరికి అందరికీ కళ్లు తిరుగుతున్నాయి. స్టేషన్ దారిలో చిన్న ఉడాన్ నూడుల్స్ కొట్టు కనిపిస్తే దూరాం. బొమ్మ చూపించి ఏ ముక్కా లేని గిన్నె అడిగాం. నూడుల్స్, ఉల్లికాడలు, తేటగా చారు. "మన చారులాగే ఉందిరా" అంటూ అమ్మ గిన్నె ఎత్తింది. విమానంలో నిద్రపట్టక ఆ గైడ్‌బుక్‌లో చదివిన ఒక పేరా నాకు అప్పుడు చప్పున గుర్తొచ్చింది. అక్కడ చాలా చారులకి మూలం దాషి. పొగబెట్టి ఎండబెట్టిన చేప తురుముతోనే ఎక్కువగా కాస్తారు. కంటికి ఏమీ కనపడదు. "అమ్మా, ఆగు!" అని నేనరిచిన అరుపుకి కొట్టంతా తిరిగి చూసింది.

మాంసం, చేప, చేప రసం మేం తినం అని జపనీస్‌లో ఒక వాక్యం పుస్తకం చివరి పేజీల్లో అచ్చేసి ఉంది. దానిమీద వేలు పెట్టి చూపించాను. కొట్టు పెద్దావిడ చదివి, నొచ్చుకుని, గిన్నె లోపలికి పట్టుకెళ్లి, తెల్లన్నం, పక్కన ఒక ఎర్రటి ఊరబెట్టిన పండు తెచ్చి పెట్టింది. ఉమెబోషి అంటారు. అమ్మ దాన్ని చిదిమి అన్నంలో కలుపుకుని, "ఊరగాయేరా! కారం వెయ్యడం మర్చిపోయారు, అంతే" అంది.

ఇది ఫోన్ చెప్పదా అంటారు. చెబుతుంది, అడిగితే. ఉత్త నూడుల్స్‌లో చేప ఉంటుందన్న అనుమానమే రానివాడు ఏమని వెతుకుతాడు? రీల్స్ చేసేవాళ్లు అరషియామా వెదురుతోపులో గొడుగు పట్టుకుని నడుస్తారే గానీ, చారు దేంతో కాస్తారో చెప్పరు. ఆ రీల్ నమ్మి మేమూ వెళ్లాం. వెదుళ్లకంటే సెల్ఫీ స్టిక్కులే ఎక్కువ కనిపించాయి.

గైడ్‌బుక్కుల మీదా నాకు కోపం లేకపోలేదు. అవి మన పాస్‌పోర్టు వాళ్లకోసం రాసినవి కావు. వీసా చాలా దేశాలవాళ్లకి అక్కర్లేదని రెండు లైన్లు గిలికి ఊరుకుంటారు. మనమేమో బ్యాంకు స్టేట్‌మెంట్లతో పాటు, ఏ రోజు ఏ ఊళ్లో ఉంటామో పట్టిక వేసి మరీ ఇవ్వాలి. అయితే ఆ పట్టిక నింపింది మాత్రం ఈ పుస్తకం ముందేసుకునే. ఊళ్ల మధ్య దూరాలు పెరగవు కదా.

ఇంకో సంగతి దాచకూడదు. ఉయెనో పేటలో ఉన్న టోక్యో నేషనల్ మ్యూజియానికి మామూలుగా సోమవారం సెలవని పుస్తకంలో స్పష్టంగానే ఉంది. వేళలు నమ్మకూడదని ఒట్టు పెట్టుకున్నవాణ్ణి కదా, ఆ లైను దాటేశాను. మూసిన గేటు ముందు మా ఆవిడ ఒక్కమాట అనలేదు. బ్యాగులోంచి పుస్తకం తీసి, ఆ పేజీ తెరిచి నా చేతిలో పెట్టింది.

మొన్న మా బావమరిది జపాన్ వెళ్తూ ఆ పుస్తకం అడిగాడు. ఇచ్చాను. రైలు పాస్ పేజీ మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేశాను, సోమవారం దగ్గర మాత్రం సున్నా చుట్టాను.