నీతి పీరియడ్ గురించి, నీ వ్యాసం గురించి

సీతమ్మధార,
విశాఖపట్నం.

అమ్మాయ్,

నీ వ్యాసం చదివాను. సైన్సు చదువులో నీతి బోధన తప్పనిసరి చేయాలన్న నీ వాదన సగం ఒప్పుకుంటాను. మిగతా సగం గురించి, దాన్ని నువ్వు రాసిన తీరు గురించి ఈ ఉత్తరం. కాస్త ఘాటుగా ఉంటే ఏమీ అనుకోకు. లెక్చరర్‌గా రిటైరైనా పేపర్లు దిద్దే చెయ్యి ఇంకా ఊరుకోవడం లేదు.

ముందు మొదటి పేజీ కొట్టెయ్. ‘నేటి సమాజంలో విలువలు అడుగంటిపోయాయి’ అన్న వాక్యం మా నాన్నగారి రోజుల్లోనూ ఉండేది. నువ్వు చెప్పాల్సిన అసలు సంగతి నాలుగో పేజీలో, అదీ ఒక్క ముక్కలో వచ్చింది: ‘నీతి లేని సైన్సు వల్లే వెంకటాపురం స్టైరీన్ దుర్ఘటన జరిగింది.’ ఆ వెంకటాపురం పక్కనే ఉన్న గోపాలపట్నం పిల్లవి, ఆ మాట అంత తేలిగ్గా ఎలా రాసేశావు?

2020 మే 7. లాక్‌డౌన్‌లో ఆగిపోయిన వెంకటాపురం ఫ్యాక్టరీలో, ట్యాంకులోని స్టైరీన్, అంటే ప్లాస్టిక్ తయారీకి వాడే ద్రవం, చాలా రోజులు అలాగే నిలవ ఉండిపోయింది. దానికి ఒక గుణం ఉంది. ఊరికే ఉన్నా తనలో తాను కలిసిపోతూ పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్‌గా మారుతుంటుంది. కలిసినప్పుడల్లా వేడి పుడుతుంది, ఆ వేడికి ఇంకా తొందరగా కలుస్తుంది. అందుకే దాన్ని చల్లగా ఉంచాలి, అలా కలవకుండా ఆపే టీబీసీ అనే నిరోధకం సరిపడా ఉందో లేదో చూస్తుండాలి. విచారణ కమిటీలు చెప్పినవాటిలో నా మనసులో నిలిచిపోయింది ఒకటే: ఆ ట్యాంకు పైభాగంలో ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ లేదు. పైన ద్రవం కాగుతుంటే కింద రీడింగు బాగానే కనిపిస్తుంది. సైరనూ మోగలేదు. తెల్లవారుజామున నిద్రపోతున్న ఊరి మీదికి ఆవిరి వచ్చింది. 12 మంది పోయారు.

తప్పు ఎవరిదన్నది కోర్టుల పని, ఆ తీర్పు నువ్వు రాయకు. నువ్వు అడగాల్సింది వేరే ఉంది. అక్కడ పనిచేసిన వాళ్ళలో చిన్నప్పుడు నీతి పాఠాలు చదవనివాళ్ళు ఎవరైనా ఉన్నారా? ‘అబద్ధమాడరాదు’ అని గోడ మీద రాయని బడి మన జిల్లాలో ఉందా? పాలిమర్ల పాఠం ఒకసారి తీసి చూడు. ఎడమపక్క స్టైరీన్, మధ్యలో బాణం, కుడిపక్క పాలిస్టైరీన్, చుట్టూ బ్రాకెట్, కింద ఎన్. వేడి సంగతి పరీక్షలో రాదు కాబట్టి క్లాసులోనూ రాదు. లెక్చరర్ బోర్డు దగ్గర ఆగి, ‘ఈ వేడి ఎక్కడికి పోవాలిరా? పోకపోతే గోడ అవతల ఎవరున్నారు?’ అని అడిగితే, అది కెమిస్ట్రీ ప్రశ్నా, నీతి ప్రశ్నా? నాకైతే విడదీయడం చేతకాదు. నేను కోరుకునే నీతి బోధన అలాంటిది.

నువ్వు అడుగుతున్న వేరే పీరియడ్, వేరే పుస్తకం, వేరే పరీక్ష మన దగ్గర వచ్చి చాలా కాలమైంది. ఇంటర్ ఫస్టియర్‌లో ‘నైతికత, మానవ విలువలు’ పరీక్ష నువ్వూ రాసే ఉంటావు. పాసైతే చాలు, మార్కులు మొత్తంలో కలవవు. దానికి ముందు రోజు రాత్రి ఎంతసేపు చదివావో నీకు తెలుసు, ఆ హాల్లో ఎన్ని చూపులు పక్క పేపరు మీదికి వెళ్ళాయో ఇన్విజిలేటర్లకి తెలుసు. ఈ పరీక్ష గురించి నీ వ్యాసంలో ఒక్క మాట లేకపోవడం నాకు వింతగా ఉంది.

అసలు నీతి పరీక్ష ల్యాబులో జరుగుతుంది. పొటాషియం పర్మాంగనేట్ టైట్రేషన్ గుర్తుందిగా, గీతలున్న గాజు గొట్టం బ్యూరెట్‌లోంచి ద్రావణం చుక్కచుక్కగా వదిలి ఎంత పట్టిందో కొలిచే ప్రయోగం. ఒకసారి 18.2 మి.లీ. వస్తుంది, మళ్ళీ చేస్తే 18.6. రెండు రీడింగులు కలవాలి, టైమ్ అయిపోతోంది, పక్క టేబుల్ వాడికి అప్పుడే అయిపోయింది. రికార్డులో 18.2, 18.2 అని రాసేస్తారు. ఇంకా తెలివైనవాళ్ళు రావాల్సిన జవాబు ఎంతో కనుక్కుని, వెనక నుంచి లెక్క కట్టి బ్యూరెట్ రీడింగు తయారుచేస్తారు. సాల్ట్ ఎనాలిసిస్‌లో అయితే ఇచ్చిన సాల్ట్ ఏదో అటెండర్‌ని అడిగితే సరి. ఇలా చేసినవాడికి ఫుల్ మార్కులు, 18.6ని 18.6 అని రాసినవాడికి కోత. రెండేళ్ళపాటు మనమే ఇలా నేర్పించి, తర్వాత విలువలు లేవని వాపోతాం. నీతి బోధన ఉండాలా వద్దా అని నువ్వు వాదిస్తున్నావు. బోధన ఎప్పుడో మొదలైపోయింది తల్లీ, తలకిందులుగా.

ఇందులో పెద్దవాళ్ళూ ఉన్నారు. పరమాణు నిర్మాణం పాఠంలో వచ్చే మిలికాన్, నూనె బిందువులతో ఎలక్ట్రాన్ ఆవేశం కొలిచినాయన, తన 1913 పత్రంలో 58 నూనె బిందువుల లెక్కలిచ్చి, 60 రోజుల్లో పరిశీలించిన బిందువులన్నీ ఇవేనని రాశాడు. ఆయన నోటు పుస్తకాలు తిరగేసిన చరిత్రకారులకి, వదిలేసిన బిందువులు ఇంకా కనిపించాయి. వాటిని కలిపినా ఫలితం పెద్దగా మారేది కాదని ఆయన తరఫున వాదించేవాళ్ళూ ఉన్నారు. 1923లో నోబెల్ వచ్చింది. ఈ కథ క్లాసులో చెప్పి పిల్లల్ని వాదించుకోనివ్వాలి.

అయితే రీడింగు నిజాయితీగా రాస్తే అన్నీ సర్దుకుంటాయా అంటే, అదీ లేదు. నా వాదన ఇక్కడే బలహీనం, అందుకే ఇది నీకు ముందే చెబుతున్నా. ఫ్రిట్జ్ హేబర్‌ని చూడు. గాలిలోని నైట్రోజన్‌తో అమ్మోనియా చేసే పద్ధతి ఆయనది, ఎరువులు అందులోంచే వస్తున్నాయి. ఆయన లెక్కల్లో వంకేమీ లేదు. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్లు శత్రువు మీదికి క్లోరిన్ విషవాయువు వదిలినప్పుడు, దగ్గరుండి ఆ పని నడిపించిందీ ఆయనే. తనూ కెమిస్టే అయిన ఆయన భార్య క్లారా కొద్దిరోజులకే తుపాకీతో కాల్చుకుని చనిపోయింది. 1918 సంవత్సరపు నోబెల్ ఆయనకే ఇచ్చారు. మన పుస్తకంలో మాత్రం ఇనుము ఉత్ప్రేరకం, మాలిబ్డినం, పీడనం, ఉష్ణోగ్రత. అంతే. భౌతిక శాస్త్రవేత్త జోసెఫ్ రాట్‌బ్లాట్ కథ దీనికి పూర్తిగా తిరగేసినట్టుంటుంది. జర్మనీ అణుబాంబు చేయడం లేదని తెలిశాక, 1944 చివర్లో ఆయన అమెరికా బాంబు ప్రాజెక్టు వదిలి వెళ్ళిపోయాడు. ఆ ఇద్దరి కథలు పక్కపక్కన పెట్టి, ‘నువ్వైతే ఏం చేసేవాడివి?’ అని అడగడానికి ఒక క్లాసు చాలు. దానికి మార్కులు పెట్టకూడదు. పెట్టిన మర్నాడే గైడు వచ్చేస్తుంది.

‘ఎవరి నీతి? ఏ మతం నీతి?’ అని అడ్డం తిరిగేవాళ్ళకి నువ్వు రాసిన జవాబు తేలిపోయింది. వాళ్ళ భయం ఉత్తిది కాదు. రాజ్యాంగంలోని 51ఎ అధికరణం చూడు. 1976లో 42వ సవరణతో చేర్చిన ప్రాథమిక విధుల్లో శాస్త్రీయ దృక్పథమూ మానవతావాదమూ ఒకే వాక్యంలో ఉన్నాయి. నీ పని అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు, పురాణాల దాకా పోనక్కర్లేదు.

ఇక రాయడం సంగతి. వ్యాసాన్ని ఆ ట్యాంకు దగ్గర మొదలుపెట్టు. వెంకటాపురం వెళ్ళు, కానీ చనిపోయినవాళ్ళ ఇళ్ళలో కన్నీళ్ళు ఏరుకోవడానికి వెళ్ళకు, ఆ పని టీవీలవాళ్ళు చేసేశారు. పరవాడ ఫార్మా సిటీలో నైట్ షిఫ్ట్ చేసే ఆపరేటర్ని ఎవరినైనా పట్టుకో, పేరు రాయనని మాటివ్వు. ‘విలువలంటే ఏమిటి?’ అని అడిగితే ఉపన్యాసమిస్తాడు. ‘రాత్రి రెండింటికి రీడింగు తేడాగా వస్తే లాగ్ షీట్‌లో ఏం రాస్తారు? ఇన్‌చార్జ్‌ని లేపుతారా? లేపితే ఏమంటాడు?’ అని అడుగు. అతను చెప్పింది నీ వాదనకి అడ్డమొచ్చినా సరే, వ్యాసంలోంచి తీసెయ్యకు.

దసరా లోపు పంపు. చేత్తో రాసినా పర్లేదు, మార్జిన్ మాత్రం బాగా వదులు.

ఉంటాను,
మాస్టారు